సూపర్‌బ్లూ కూతురు: ట్రినిడాడ్ వీధుల్లో వారసత్వం లెక్క ఎలా తేలుతుంది?

2009 ఫిబ్రవరిలో కరీబియన్ ద్వీపం ట్రినిడాడ్‌లో కార్నివాల్ జరుగుతున్నప్పుడు గాయని ఫే-ఆన్ లయన్స్ నిండు గర్భిణి. మామూలుగా అయితే ఇంటిపట్టున ఉండి పనులన్నీ వేరేవాళ్ల చేత చేయించుకోవాల్సిన రోజులవి. ఆమె మాత్రం వేదిక మీద నిలబడి, ఊపిరి తిప్పుకోనివ్వని వేగంతో సాగే పాట పాడింది. ఆ ఏడాది, సోకా అనే అక్కడి గంతుల సంగీతానికి పెట్టే ఇంటర్నేషనల్ సోకా మోనార్క్ పోటీలో పవర్ విభాగం ఆమెదే, గ్రూవీ విభాగం ఆమెదే, జనం ఓటుతో ఇచ్చే బహుమతీ ఆమెదే. ఆ తర్వాత సోమ, మంగళవారాల్లో వీధుల్లో తేలే రోడ్ మార్చ్ టైటిల్ కూడా ఆమెకే వచ్చింది. ఒకే సీజన్‌లో ఈ నాలుగూ గెలిచినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. ఇంకొద్ది రోజులకే ఆమెకు ఆడపిల్ల పుట్టింది.

ఇందులో పవర్ విభాగాన్నీ, రోడ్ మార్చ్‌నూ తెచ్చిన పాట 'మీట్ సూపర్‌బ్లూ'. సూపర్‌బ్లూ అంటే ఆమె తండ్రి.

నాన్న పేరుతో కూతురు పాట పాడింది, గెలిచింది. ఇంతవరకు చెప్పుకుంటే ముచ్చటైన వార్త, అంతే. కానీ ఆ టైటిళ్లన్నిటినీ ఇచ్చేది ఒకళ్లే కాదు, ఇచ్చే పద్ధతీ ఒకటి కాదు. ఎవరు దేన్ని ఎలా ఇస్తారో తెలిస్తే తప్ప, ఆ కూతురు తండ్రికి నిజంగా ఏం ఇచ్చిందో అర్థం కాదు. కాబట్టి ముందు ఆ లెక్క చూద్దాం.

మార్కులు వేయని పోటీ

ట్రినిడాడ్‌లో కార్నివాల్ అంటే, ఈస్టర్‌కు ముందు క్రైస్తవులు పాటించే లెంట్ ఉపవాసాల ముందు వచ్చే సోమ, మంగళవారాలు. సోమవారం తెల్లవారకముందే 'జూవే' మొదలవుతుంది. ఒంటినిండా బురద, రంగు, నూనె పూసుకున్న జనం చీకట్లోనే వీధుల్లోకి వస్తారు. మంగళవారం వేషాల బృందాలు పూర్తి అలంకరణతో బయల్దేరతాయి. పెద్ద బృందాల్లో వేలమంది ఉంటారు. వాళ్లకు ముందో వెనకో స్పీకర్లతో నిండిన లారీలు నడుస్తాయి. అయితే ఈ రెండు రోజులకు చాలా వారాల ముందు నుంచే పాటలు, పార్టీలు, పోటీలు నడుస్తూ ఉంటాయి. అదంతా కలిపి సీజన్.

పోటీల్లో పాతది కాలిప్సో మోనార్క్. కాలిప్సో అంటే మాటకు పెద్దపీట వేసే అక్కడి పాత పాట. అక్కడ జడ్జీలు కూర్చుని సాహిత్యం, రాగం, పాడిన తీరు చూసి మార్కులు వేస్తారు. మంత్రుల మీద వ్యంగ్యం, ధరల మీద ఎత్తిపొడుపు, ఊళ్లో గొడవల మీద చురకలు అక్కడ చెల్లుతాయి. 1993లో మొదలైన సోకా మోనార్క్ వేరే రకం. కాలిప్సో నుంచే పుట్టిన సోకాలో మాటకంటే లయకు, ఊపుకు పెద్దపీట. అక్కడా జడ్జీలే ఉండేవాళ్లు కానీ వేదిక మీద గాయకుడు జనాన్ని ఎంత కదిలించాడన్నది ముఖ్యం. కార్నివాల్‌కు ముందు శుక్రవారం రాత్రి ఫైనల్ జరిగేది. 2005లో దీన్ని రెండు చేశారు. వేగంగా దూసుకుపోయే పాటలు పవర్, కాస్త నెమ్మదిగా ఊగే పాటలు గ్రూవీ.

మూడోది రోడ్ మార్చ్. దీన్లో అందం, సాహిత్యం, గొంతు దేనికీ మార్కులుండవు. వేషాల బృందాలు ఊరేగింపులో కొన్ని నిర్ణీత స్థలాల గుండా వెళ్లాలి. క్వీన్స్ పార్క్ సవానా అనే పెద్ద మైదానంలోని వేదిక అందులో ముఖ్యమైనది. బృందం అక్కడ దాటేటప్పుడు దాని లారీలో ఏ పాట మోగుతోందో రాసుకునేవాళ్లు ఉంటారు. అన్ని చోట్లా అన్ని బృందాలవీ కూడితే ఏ పాట ఎక్కువసార్లు మోగిందో అదే ఆ ఏటి రోడ్ మార్చ్. గాయకుడు అక్కడ ఉండక్కర్లేదు. ఇంట్లో పడుకుని నిద్రపోతున్నా గెలవచ్చు.

పైకి చూస్తే అచ్చమైన ప్రజాస్వామ్యంలా కనిపిస్తుంది. అంత అమాయకంగా నమ్మక్కర్లేదు. పాట ఎంచేది లారీ మీదున్న డీజే. వెయ్యి మంది బృందం వేదిక దాటడానికి పట్టే సమయం వేరు, వంద మంది బృందానికి పట్టేది వేరు. పెద్ద బృందం దాటేలోపు ఒకే పాట మళ్లీ మళ్లీ వేసుకోవచ్చు. అంటే పెద్ద బృందాల డీజేలకు నచ్చిన పాటకు ముందే కొంత మొగ్గు ఉంటుంది. ప్రతి ఏడూ దీని మీద సణుగుడు వినిపించడంలో వింతేమీ లేదు. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. కాళ్లు నొప్పి పుట్టి, ఎండకు వడలిపోయిన జనం వేదిక కనబడగానే ఆ పాట కోసం అరవకపోతే ఏ డీజే దాన్ని పదేపదే వేయడు. జనం మూతి ముడుచుకుంటే ఆ కోపం పడేది అతని మీదే.

అందుకే రోడ్ మార్చ్ పాట కట్టడం ఒక ప్రత్యేకమైన పని. ఇంట్లో కూర్చుని వినే పాటకు పనికొచ్చే హంగులు అక్కడ పనికిరావు. చరణం చిన్నదిగా ఉండాలి. పల్లవి ఒకటి రెండుసార్లు వినగానే నోటికి రావాలి. ఇప్పుడు ఏం చేయాలో పాటే చెప్పాలి: గెంతు, చెయ్యి ఎత్తు, అటు పరుగెత్తు, ఇటు తిరుగు. ఈ ఆజ్ఞల పాటను దాని పతాక స్థాయికి తీసుకెళ్లినవాడే సూపర్‌బ్లూ.

పాయింట్ ఫోర్టిన్ కుర్రాడు

సూపర్‌బ్లూ అసలు పేరు ఆస్టిన్ లయన్స్, ఊరు పాయింట్ ఫోర్టిన్. ట్రినిడాడ్ నైరుతి మూల, చమురు పరిశ్రమ మీద బతికిన పట్టణం. రాజధాని సంగీత వర్గాలకు దూరం. 'బ్లూ బాయ్' అన్న పేరుతో వచ్చి 1980లో 'సోకా బాప్టిస్ట్' పాటతో రోడ్ మార్చ్ కొట్టేశాడు. ఆ పాటకు పెద్ద గొడవ జరిగింది. ఎందుకో తెలియాలంటే స్పిరిచువల్ బాప్టిస్టుల గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. ఆఫ్రికా సంప్రదాయాలు, క్రైస్తవం కలిసిన మతం వాళ్లది. గంటలు మోగిస్తారు, చప్పట్లు కొడతారు, పూనకంతో ఊగుతారు. బ్రిటిష్ ప్రభుత్వం 1917లో ఆ ఆరాధనను చట్టం పెట్టి నిషేధించింది. 1951 దాకా ఆ నిషేధం ఉంది. అంతకాలం దాక్కుని ప్రార్థన చేసుకున్నవాళ్ల పూనకాన్ని కార్నివాల్ గంతులతో పోల్చి పాట కడితే వాళ్లకు నొప్పి కలగదా? కలిగింది. అభ్యంతరాలు వచ్చాయి. రోడ్డు మాత్రం ఆ పాటనే ఎంచుకుంది. నాకైతే ఇద్దరి వాదనా సబబే అనిపిస్తుంది. ఆ లయ వాళ్లందరిదీ, ఆ గాయం మాత్రం కొందరిదే.

1981లో 'ఎథెల్', 1983లో 'రెబెకా'తో మళ్లీ గెలిచాడు. ఆ తర్వాత ఏడేళ్లు ఆ టైటిల్ ఆయన దరిచేరలేదు. 1991కి సూపర్‌బ్లూగా తిరిగొచ్చాడు.

ఆ 1991 మామూలు ఏడాది కాదు. అంతకుముందు జులైలో ట్రినిడాడ్‌లో సాయుధ తిరుగుబాటు ప్రయత్నం జరిగింది. ప్రధానిని, పార్లమెంటు సభ్యులను ఆరు రోజులు బందీలుగా పెట్టారు. రాజధానిలో దుకాణాలు దోపిడీకి గురయ్యాయి, తగలబడ్డాయి. కర్ఫ్యూ నడిచింది. ఆ తర్వాత వచ్చిన మొదటి కార్నివాల్‌లో సూపర్‌బ్లూ పాట 'గెట్ సమ్‌థింగ్ అండ్ వేవ్'. ఏదో ఒకటి చేతపట్టుకుని ఊపండి అంటున్నాడు, అంతే. కర్ఫ్యూల మధ్య ఇళ్లలో బిక్కుబిక్కుమంటూ గడిపిన జనం వీధిలోకొచ్చి తుండుగుడ్డలు, జెండాలు, చేతికి ఏది దొరికితే అది గాల్లో తిప్పారు. ఇప్పుడు లండన్‌లోనో టొరంటోలోనో కరీబియన్ ఊరేగింపు చూస్తే ప్రతి చేతిలో ఒక గుడ్డో జెండానో కనిపిస్తుంది. ఆ అలవాటు అంతగా పాతుకుపోవడంలో ఈ పాటది పెద్ద చెయ్యి.

1992, 1993ల్లోనూ ఆయనే. 1993లో మొట్టమొదటి సోకా మోనార్క్ కూడా ఆయనే. 1995లో 'సిగ్నల్ టు లారా'. మన క్రికెట్ అభిమానులకు వేరే చెప్పక్కర్లేదు. 1994 ఏప్రిల్‌లో ఆంటిగ్వాలో ఇంగ్లండ్ మీద బ్రయాన్ లారా 375 కొట్టి, గ్యారీ సోబర్స్ 365 పరుగుల రికార్డు దాటాడు. లారా ట్రినిడాడ్ బిడ్డ. అంపైర్లు చేసే సైగల్ని ఆజ్ఞలుగా మార్చి ఊరంతటి చేతా చేయిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. 2000లో 'పంప్ అప్'తో ఎనిమిదో రోడ్ మార్చ్.

ఈ పాటల మీద ఒక విమర్శ ఎప్పుడూ ఉంది. కాలిప్సో అంటే మాట పదును, అధికారాన్ని నిలదీసే గొంతు. గెంతండి, ఊపండి అంటూ దాన్ని వ్యాయామం క్లాసుగా మార్చేశారన్నది పాత తరం ఫిర్యాదు. అందులో కొంత నిజం ఉంది. తర్వాత ఆయనను అనుకరించినవాళ్ల పాటల్లో చాలావాటికి ఆజ్ఞలు తప్ప ఇంకేమీ లేవు. సూపర్‌బ్లూ పాటల్లో ఆజ్ఞల చుట్టూ ఒక కథ, ఒక మతపు లయ, ఒక ఊరి సందర్భం ఉంటాయి. ఆ తేడా వదిలేసి అందర్నీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

నిషేధాల నుంచి వచ్చిన వినోదం

కార్నివాల్‌ను ద్వీపానికి తెచ్చింది ఫ్రెంచి తోటల యజమానులు. 1783 తర్వాత స్పెయిన్ పాలకులు భూములిస్తామని పిలిస్తే బానిసలతో సహా వచ్చి స్థిరపడ్డారు. వాళ్ల వినోదం మేడల్లో ముసుగు నాట్యాలు. 1830ల్లో బానిసత్వం రద్దయ్యాక విముక్తులైన జనం వీధిని తమది చేసుకున్నారు. చెరకు తోట తగలబడితే అర్ధరాత్రి తమను తోలుకెళ్లిన రోజుల్ని కాగడాలతో, డప్పులతో, కర్రసాముతో ఊరేగింపుగా ఆడి చూపించేవాళ్లు. దానికి కాన్‌బూలే అని పేరు. 1881లో పోలీసులు అడ్డుపడితే పెద్ద ఘర్షణ జరిగింది. ఆ తర్వాత చర్మపు డప్పుల మీద ఆంక్షలొచ్చాయి. జనం వెదురు బొంగుల్ని నేలకు కొట్టి లయ పుట్టించారు. తర్వాత బిస్కెట్ డబ్బాలు, చివరికి చమురు పీపాలు. స్టీల్‌పాన్ అనే వాద్యం అలా వచ్చింది. పాయింట్ ఫోర్టిన్ లాంటి చమురు ఊళ్ల దేశంలో ఖాళీ పీపాలకు కొదవేముంది.

పాట నడిపించేవాడు ఒకడు, వెనక అందుకునే గుంపు. ఆ పద్ధతి అప్పటి నుంచే ఉంది. సూపర్‌బ్లూ దాన్ని కొత్తగా కనిపెట్టలేదు. మైకు, లారీ, పెద్ద స్పీకర్ల కాలానికి తగ్గట్టు దాన్ని మళ్లీ కట్టాడు.

ఈ కథలో మనవాళ్ల పాయ కూడా ఉంది. 1845 మే 30న ఫతేల్ రజాక్ ఓడతో మొదలై 1917 వరకు దాదాపు లక్షా నలభై వేలమంది భారతీయులు కూలి ఒప్పందాల మీద ట్రినిడాడ్ చేరారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వెళ్లిన బిహార్, అవధ్ ప్రాంతాలవాళ్లు. మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. అక్కడ అందర్నీ కలిపి 'మద్రాసీ' అనేశారు. ఇప్పుడు జనాభాలో మూడో వంతుకు పైగా భారతీయ మూలాలవాళ్లే. ఈ భారతీయ పల్లెల పక్కనే పెరిగిన గార్‌ఫీల్డ్ బ్లాక్‌మన్, అంటే రాస్ షార్టీ ఐ, 1970ల్లో కాలిప్సోలో ఢోలక్, దంతాల్ (ఇనుప కడ్డీ వాద్యం) లయల్ని కలిపాడు. సోకా పుట్టుకను చాలామంది అక్కడి నుంచే లెక్కిస్తారు. ఆయన తర్వాత మత మార్గం పట్టి, కుటుంబంతో పీపారో అడవి ప్రాంతానికి వెళ్లి, పిల్లలతో కలిసి పాటల బృందం నడిపాడు. కొడుకులూ కూతుళ్లూ గాయకులే. ఈ ద్వీపంలో తండ్రి పని పిల్లలకు రావడానికి వేదికలు, టైటిళ్లే అక్కర్లేదని ఆ ఇల్లు చెబుతుంది.

కూతురి వంతు

ఆడవాళ్లకు మాత్రం ఈ దారి అంత సులువుగా తెరుచుకోలేదు. ట్రినిడాడ్ పక్క ద్వీపం టొబాగోలో పుట్టిన గాయని కాలిప్సో రోజ్ తండ్రి స్పిరిచువల్ బాప్టిస్ట్ మత పెద్ద. ఆ ఇంట్లో కాలిప్సో అంటే ఒప్పుకునేవాళ్లు కాదు. ఇంటినీ, మగవాళ్ల గుత్తాధిపత్యాన్నీ ఎదిరించి ఆమె 1977లో రోడ్ మార్చ్ గెలిచిన మొదటి మహిళ అయింది. మరుసటి ఏడాది రోడ్ మార్చ్‌తో పాటు కాలిప్సో కిరీటం కూడా గెలిచింది. అప్పటిదాకా ఆ పోటీ పేరు 'కాలిప్సో కింగ్'. ఆడమనిషిని రాజు అని ఎలా పిలుస్తారు? పేరే మార్చాల్సి వచ్చింది. ఆ తర్వాత రోడ్ మార్చ్ గెలిచిన మహిళ కోసం 1999లో శానెల్ డెంప్‌స్టర్ దాకా ఆగాలి. మూడో మహిళ ఫే-ఆన్. 2003లో 'డిస్‌ప్లే'తో గెలిచింది.

ఫే-ఆన్ తల్లి కూడా గాయనే, 'లేడీ జిప్సీ' పేరుతో కాలిప్సోలు పాడింది. రెండు వైపులా పాటే. కానీ గమనించాల్సింది వరస. 2003లో ఆమె మొదటి రోడ్ మార్చ్ వచ్చింది, అందులో నాన్న పేరు లేదు. 2008లో 'గెట్ ఆన్'తో రెండోది వచ్చింది, అందులోనూ లేదు. తన సొంత పేరు మీద రెండుసార్లు గెలిచాక మూడోసారి ఆయన పేరును పాట పేరుగా పెట్టింది.

మన సినిమా వారసుల సంగతి గుర్తు చేసుకోండి. మొదటి సినిమా పోస్టర్ మీదే తాతగారి ఫొటో, ఫంక్షన్‌లో తొడ కొట్టడాలు, ముందు పేరు, తర్వాత నటన. ఇక్కడ వరస తిరగబడింది. పోలిక మరీ దూరం లాగను. సూపర్‌బ్లూ కూతురన్న సంగతి అందరికీ తెలుసు, స్టూడియోల తలుపులు ఆ పేరుకు త్వరగానే తెరుచుకుని ఉంటాయి. కానీ మంగళవారం మధ్యాహ్నం సవానా వేదిక ముందు లారీ మీదున్న డీజేకు ఎవరి కూతురైతే ఏంటి? జనం గెంతుతారా లేదా, అంతే.

2009 నాటికి సూపర్‌బ్లూ చివరి రోడ్ మార్చ్ వచ్చి దాదాపు తొమ్మిదేళ్లయింది. ఆయన వ్యక్తిగత కష్టాల గురించి వార్తలు వచ్చేవి, పాట గురించి కాదు. తొంభైల్లో చిన్నపిల్లలుగా ఉన్నవాళ్లకు ఆయన అమ్మానాన్నల కాలపు పేరు. అలాంటి సమయంలో కూతురు చేసిన పని ఒక సన్మానం కాదు, ఇంటర్వ్యూలో కంటతడీ కాదు. ఆయన పద్ధతిలోనే, ఆయన వేగంతోనే పాట కట్టి, ఆయన గెలిచిన పోటీకే పంపింది. రోడ్ మార్చ్ గెలవడమంటే ఏమిటో పైన చూశాం: అందరికంటే ఎక్కువసార్లు మోగడం. అంటే రెండు రోజుల పాటు రాజధాని వీధుల్లో అన్నిటికంటే ఎక్కువగా వినిపించిన పాటలో ఆయన పేరుంది. ఆ పేరు పలికింది కూతురొక్కతే కాదు, ఆయన ముఖం కూడా సరిగా తెలియని వేలమంది కుర్రాళ్లు. తండ్రి మీద ప్రేమను జనం లెక్కకు పెట్టడం చిన్న సాహసం కాదు. పాట తేలిపోయి ఉంటే ఆ అవమానం ఆమె ఒక్కదానికే కాదు, ఆయనకూ తగిలేది.

నాలుగేళ్ల తర్వాత సూపర్‌బ్లూ తిరిగొచ్చాడు. 2013లో 'ఫెంటాస్టిక్ ఫ్రైడే' పాటతో పవర్ సోకా మోనార్క్, రోడ్ మార్చ్ రెండూ గెలిచాడు. సోకా మోనార్క్ ఫైనల్ జరిగే శుక్రవారానికే ఆ పేరు. కూతురి పాట వల్లే ఆయన తిరిగొచ్చాడని చెప్పను, అలాంటి సూటి లెక్కలు జీవితంలో కుదరవు. అయితే 2009లో ఆ పేరు పట్టుకుని గెంతిన తరానికి 2013లో ఆయనను కొత్తగా పరిచయం చేయాల్సిన అవసరం రాలేదన్నది మాత్రం నిజం. 2018లో మషెల్ మొంటానోతో కలిసి 'సోకా కింగ్‌డమ్' పాడి పదోసారి రోడ్ మార్చ్‌లో భాగమయ్యాడు.

ఈ వినోదం ఇప్పుడు ఖరీదైంది. పెద్ద బృందాల్లో వేషం కట్టాలంటే సామాన్యుడి జీతానికి అందని డబ్బు కావాలి. తాళ్లు కట్టి, కాపలావాళ్లను పెట్టి, డబ్బు కట్టనివాళ్లను పక్కకు నెడుతున్నారు. వీధిలో పుట్టినదాన్ని వీధిలోనే టికెట్ పెట్టి అమ్ముతున్నారన్న విమర్శ అక్కడివాళ్లదే. వలస వెళ్లినచోట్ల కథ మరోలా ఉంది. లండన్ నాటింగ్ హిల్, టొరంటో, బ్రూక్లిన్ ఊరేగింపులు మొదట్లో ఇల్లు అద్దెకు దొరకని, క్లబ్బుల్లోకి రానివ్వని జనం తమ కోసం తాము చేసుకున్న పండుగలు. నాటింగ్ హిల్ కార్నివాల్‌కు మూలమని చెప్పుకునే 1959 నాటి హాలు లోపలి కార్నివాల్‌ను ట్రినిడాడ్‌లో పుట్టిన ఉద్యమకారిణి క్లాడియా జోన్స్ ఏర్పాటు చేసింది లండన్‌లో నల్లవాళ్ల మీద జరిగిన దాడుల తర్వాతే. ఆ ఊళ్లలో ఇప్పటికీ సూపర్‌బ్లూ పాత పాటలు లారీల మీద మోగుతాయి.

లయన్స్ ఇంట్లో పాట ఫే-ఆన్‌తో ఆగలేదు. సూపర్‌బ్లూ మరో కూతురు టెర్రీ లయన్స్ సోకా నుంచి కాలిప్సో వైపు నడిచింది. బ్రిటన్ రాజకుటుంబపు కోడలు మేఘన్‌ను ఉద్దేశించి పాడిన పాటతో 2020లో కాలిప్సో మోనార్క్ అయింది. నాన్న రోడ్డు మీద పది లెక్కలు రాయించుకున్నాడు. ఈ కూతురు మాత్రం జడ్జీల ముందు, మాటకు మార్కులు వేసే పోటీలో గెలిచింది. ఊపడం తప్ప సాహిత్యం ఏముందని ఆయనను తీసిపారేసిన పాత తరం ఎక్కువగా గౌరవించే కిరీటం అది.